గరాటు ఏడు, గుడిసె ఎనిమిది

1996 ఆగస్టు 11వ తేదీ, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. ఉదయగిరి బజారులో మా తమ్ముడి రిపేరు అంగడిలో గోడ గడియారం ఆగిపోయి ఉంటే, నేను కొత్త బ్యాటరీ వేసి, నా చేతి గడియారం చూసి ముల్లు తిప్పుతున్నాను. మూడు పది దగ్గర నిలబెట్టి చెయ్యి తీసేసరికి వెనక నుంచి ఆ శబ్దం వచ్చింది.

తమ్ముడు అప్పుడే ఒక టేప్‌రికార్డరులో ఇరుక్కుపోయిన క్యాసెట్‌ని బయటికి లాగి, చిక్కుపడ్డ టేపుని పెన్సిలుతో చుట్టి, తెగిన చోట అతికించి, బాగైందో లేదో చూద్దామని మీట నొక్కాడు. రికార్డరు తెచ్చినాయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆయనది అనుమసముద్రంపేటలో దర్గా వీధి. అక్కడ యాత్రికులకు ఖవ్వాలీ క్యాసెట్లు అమ్మే చిన్న కొట్టు ఉండేది. తమ్ముడూ ఆయనా ఒక ఈడు వాళ్లు. మేమందరం ఆయన్ని భాయి అనేవాళ్లం.

"రేయ్, స్పీకరు చినిగిందిరా," అన్నాడు భాయి, టీ గ్లాసు దించి.

"చినగలేదు. ఆ పాటే అట్టా ఉండాది."

"పాటా? ఇనప రేకుల మీద కంకర పోసినట్టుండాది."

నేను అప్పటికి ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న టీచర్ని. ఏ శబ్దం విన్నా వేళ్లు వాటంతట అవే లెక్కపెడతాయి. గిటారు ఏడు దెబ్బలకు ఒకసారి తిరుగుతోంది. ఏడు, ఏడు, ఏడు, ఉన్నట్టుండి తొమ్మిది. తప్పారు అనుకున్నాను. మళ్లీ ఏడు, ఏడు, ఏడు, తొమ్మిది. మూడోసారీ అంతే. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లకు ఈ సంగతి తెలుసు, ఒకే చోట ఒకే తీరుగా మూడుసార్లు తప్పేవాడు తప్పడం లేదు, వాడి దగ్గర ఏదో పద్ధతి ఉంది. అప్పుడు డ్రమ్ము మీద చెవి పెట్టాను. అది ఐదేసి కొడుతోంది. గిటారు మొత్తం ముప్పై, డ్రమ్ము ఆరు ఐదులు ముప్పై. ఇద్దరూ ఎవరి దారిన వాళ్లు పోయి, ముప్పై దగ్గర కలిసి ఒక్క దెబ్బ వేస్తున్నారు. నాకు గట్టిగా నవ్వొచ్చింది.

"ఏందక్కా?" అన్నాడు తమ్ముడు.

"ఇంకోసారి పెట్టు."

ఐదుసార్లు పెట్టించాను. భాయి ఆ క్యాసెట్ నాకే ఇచ్చేశాడు. "తీసుకో టీచరక్కా. చెన్నైలో పాత క్యాసెట్ల మూటలో వచ్చింది, తుడిచి ఖవ్వాలీ ఎక్కిద్దామనుకున్నా. దర్గా కాడ దీన్ని పెడితే వచ్చిన యాత్రికులు వచ్చినట్టే బస్సెక్కుతారు."

అది ఎక్కడో దూర దేశపు బ్యాండు. ఐదుగురు మనుషులు. ఆ క్యాసెట్ కంపెనీ వాళ్లు చేసింది కాదనీ, కచేరీకి వచ్చిన వాడెవడో కోటు లోపల రికార్డరు దాచుకుని పట్టిందనీ తర్వాత చెన్నై ఆయన చెబితే తెలిసింది. చెన్నై ఆయన అంటే హార్బరు దగ్గర విదేశీ సరుకుల బజారులో చిన్న కొట్టు పెట్టుకున్న పెద్దమనిషి. ఓడల మీద పనిచేసేవాళ్లు ఆయనకు ఇలాంటివి తెచ్చి ఇచ్చేవాళ్లు. భాయి సరుకుకు పోయినప్పుడల్లా ఆయన్ని అడగమని చెప్పేదాన్ని.

ఆయన అమ్మేవాడు కాదు. ఈ రకం క్యాసెట్లకు డబ్బు తీసుకోకూడదని వాళ్లలో కట్టుబాటు. క్యాసెట్‌కు క్యాసెట్, అది కూడా అంగట్లో దొరకనిది, ఎదురుగా కూర్చుని పట్టిందే కావాలి. మా ముగ్గురి దగ్గర ఏముంది ఇవ్వడానికి? నెల రోజులు అదే ఆలోచన. చివరికి భాయి అన్నాడు, "మా దర్గా కాడ గంధం పండక్కి పాడేది ఏ అంగట్లో దొరుకుతాది?"

అలా అనుమసముద్రంపేట ఖవ్వాలీ చెన్నైకి పోయింది, బదులుగా ఆ ఐదుగురి కచేరీలు ఉదయగిరికి వచ్చాయి. ఓడల వాళ్లు ఖవ్వాలీ కావాలని అడిగి మరీ తీసుకునేవాళ్లట. భాయికి అది చెప్పలేనంత గర్వం.

వచ్చిన ప్రతి క్యాసెట్‌కు భాయి తన కొట్టు అలవాటు ప్రకారం డబ్బా వీపు మీద గుండ్రని కాగితం అతికించి ఉర్దూలో అంకె వేసేవాడు. క్యాసెట్ మీద ఏమీ రాసేవాళ్లం కాదు. ఎక్కడిదో, ఎవరిదో రాయడం ఓడల వాళ్లకు ఇష్టం ఉండదు. నాకు ఆ అంకెలు రాకపోతే ఒకరోజు కూర్చుని నేర్పించాడు. ఉర్దూ ఏడు గరాటు మాదిరి పైకి తెరుచుకుని ఉంటుంది. ఎనిమిది గుడిసె కప్పు మాదిరి కిందికి తెరుచుకుని ఉంటుంది. "గరాటు ఏడు, గుడిసె ఎనిమిది. గుర్తుందా టీచరక్కా?" అని బెత్తం లేకుండా బెత్తం ఆడించేవాడు. నలభై మూడేళ్ల వయసులో నాకు ఎవరో ఎక్కాలు చెప్పినట్టుండేది.

ఆ ఆదివారాలే ఇప్పటికీ కళ్ల ముందు ఉంటాయి. సగం తలుపు దించిన అంగడి, సోల్డరు పొగ వాసన, బయట దుర్గం కొండ మీద ఎండ. భాయి రెండు బస్సులు మారి వచ్చేవాడు, ఎప్పుడూ ఏదో ఒక తినే పొట్లంతో. కొత్త క్యాసెట్ వస్తే ముందు నా పని ఉండేది. కంపెనీ రికార్డులో ఒక పాట పది నిమిషాలుంటే, మా క్యాసెట్‌లో తొమ్మిదిన్నరకే అయిపోయి శ్రుతి కూడా పెరిగితే, పట్టిన రికార్డరు నెమ్మదిగా తిరిగిందని అర్థం. ఎంత నెమ్మదో లెక్కగట్టి చెబితే తమ్ముడు మోటారు పక్కనున్న మర సన్నగా తిప్పి సరిచేసేవాడు. రెండు క్యాసెట్లు రెండు ఊళ్లవని చెప్పి ఇచ్చినా, రెండింట్లోనూ మూడో పాట మధ్యలో ఒకే మనిషి ఒకే తీరుగా దగ్గితే అవి ఒకటే కచేరీ అని పట్టుకునేదాన్ని. ఆ దగ్గు మనిషి మాకు చుట్టం లాగా అయిపోయాడు. భాయి ఆయన కోసం, "పాపం, ఎవరైనా మిరియాల కషాయం ఇయ్యండ్రా," అనేవాడు.

తమ్ముడి భార్య మాత్రం అంగడి వెనక ఇంట్లోంచి తొంగిచూసి, "వదినా, మీ వాళ్ల తగాదా ఇంకా తేలలేదా?" అని అడిగి పోయేది. పక్కన బట్టలు కుట్టే ఆయన, "టీచరమ్మా, మిక్సీలో ఏం వేసినారు, ఇంతసేపు నలగదే?" అనేవాడు. అయినా ఎవరూ ఆపమని అనలేదు. రెండేళ్లు పోయాక ఆ కుట్టే ఆయన కాలు మిషను మీద ఏడు దెబ్బలకు ఆడుతుంటే చూశాను. అడిగితే ఒప్పుకోలేదు.

ఏడో నంబరు 1998 నవంబరులో వచ్చింది.

దాంట్లో ఒక వైపు చివరన ఒక పాట ఉంది. పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు. ఆ బ్యాండు ఏ రికార్డులోనూ వేయని పాట. ఒకే ఒక్క రాత్రి వాయించారట. చెన్నై ఆయన దాన్ని ఒక మాట మీద ఇచ్చాడు. ఆ కచేరీని రికార్డరులో పట్టిన ఓడ ఇంజనీరు చెప్పిన మాట అది. ఆ పాట రికార్డుగా రావచ్చు, అంతకుముందే బయటపడితే ఆ ఐదుగురికీ బాగుండదు, కాబట్టి ఏడాది వరకు దీనికి నకలు తీయకూడదు. భాయి దర్గా మీద ఒట్టు పెట్టి మరీ మాటిచ్చి వచ్చాడు. ఏడాది నిండగానే నకళ్లు తీద్దామని అనుకున్నాం.

ఆ పాటలో గిటారు పదకొండేసి పోతుంది, డ్రమ్ము పదమూడేసి. అవి రెండూ కలవాలంటే నూట నలభై మూడు దెబ్బలు నడవాలి. నేను ఎన్నిసార్లు లెక్కపెట్టినా నూట ఇరవై దాటాక ఎక్కడో జారిపోయేదాన్ని. మధ్యలో వాళ్లు ఏదో చేస్తారు. ఒకటి దాచుకుంటారో, ఒకటి కలుపుతారో. చివరకు కలిసి పడే దెబ్బ మాత్రం గుండె ఆగినట్టు ఉంటుంది. ఆ మధ్య దారి పట్టుకోవాలని నాకు పంతం. బడిలో, బస్సులో, అన్నం కలుపుతూ అదే లెక్క. నా జీవితంలో నాకోసం నేను పెట్టుకున్న లెక్క అదొక్కటే. మిగతావన్నీ పిల్లల కోసం, హెడ్మాస్టరు కోసం చేసినవి.

ఎనిమిదో నంబరు అంత మంచిది కాదు. దగ్గు మనిషి కచేరీదే, బాగా అరిగిన నకలు. తర్వాత దానిదే శుభ్రమైన నకలు దొరికింది కాబట్టి, "ఎనిమిది మీద ఏమన్నా పట్టుకోవచ్చు," అని నేనే చెప్పి పెట్టాను.

మాటిచ్చిన ఎనిమిదో నెలలో గంధం వచ్చింది. ఆ సంవత్సరం ఖవ్వాలీకి భాయి వాళ్ల మేనమామ పాడుతున్నాడు. ముసలాయన, ఊపిరి సరిగా అందదు, ఇదే ఆఖరుసారి అని ముందే చెప్పుకున్నారు. యాత్రికుల గిరాకీ ఎక్కువై భాయి కొట్టులో ఖాళీ క్యాసెట్లన్నీ అయిపోయాయి, ఆత్మకూరులోనూ దొరకలేదు. మధ్యాహ్నం బస్సుకు ఉదయగిరి వచ్చి, తిరుగు బస్సు హారను కొడుతుంటే పరుగున అంగట్లోకి పోయాడు. నేను బడిలో ఉన్నాను. తమ్ముడు ఎవరి ఇంట్లోనో టీవీ బాగుచేయడానికి పోయాడు. మరదలు వంటింట్లోంచే అడిగింది, "ఏంది భాయ్ అంత తొందర?" "ఎనిమిదమ్మా, ఎనిమిది తీసుకున్నా, అక్కకు చెప్పు," అని అరిచి బస్సెక్కాడు.

సాయంత్రం మరదలు ఆ మాటే నాకు చెప్పింది. సరేనన్నాను.

మూడో రోజు ఆదివారం. ఏడు తీసి పెట్టబోతే అరలో గరాటు లేదు. గుడిసె ఒకటే ఉంది. తీసి పెట్టాను. మూడో పాట మధ్యలో దగ్గు మనిషి దగ్గాడు.

ఏం జరిగిందో అర్థం కావడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఆ వారం తమ్ముడు అర సర్ది దుమ్ము దులిపాడు. ఏడో డబ్బాను తలకిందులుగా పెట్టాడు. మిగతా ఏ అంకె తిరగబడినా చూడగానే తెలిసిపోతుంది. ఏడు తిరగబడితే ఎనిమిదైపోతుంది. అరలో రెండు గుడిసెలు పక్కపక్కన ఉన్నాయి, భాయి చేతికి మొదట తగిలింది తీసుకున్నాడు. తప్పు చదవలేదు. అక్కడ ఎనిమిదే ఉంది.

"పట్టేసి ఉంటాడా అక్కా?" అన్నాడు తమ్ముడు. అంగడి మూసి బస్సెక్కాం.

దర్గా వీధిలో గంధం జనం ఇంకా తగ్గలేదు. గులాబీ పూలు, అగరొత్తులు, చక్కెర బిళ్లలు అమ్మే కొట్ల మధ్య నుంచి పోతుంటే భాయి కొట్టు స్పీకరులో ముసలి గొంతు వినపడింది. ఆయన మేనమామ. ఊపిరి అందని చోట ఆగి, ఆగిన చోటునే పాట చేసుకుని పాడుతున్నాడు. కొందరు నిలబడి కళ్లు మూసుకుని వింటున్నారు. పాట అయిపోయింది. చప్పట్లు వచ్చాయి. టక్కుమని మీట ఆగిన శబ్దం.

ఆ వెంటనే వీధి వీధంతా గిటారు.

పూలమ్మే ఆమె ఉలిక్కిపడి బుట్ట పట్టుకుంది. ఎదురు కొట్టు ఆయన, "ఏంది భాయ్, ట్రాన్స్‌ఫార్మర్ పేలిందా?" అని అరిచాడు. జనం నవ్వారు, భాయి కూడా నవ్వుతూ స్పీకరు తగ్గించబోయి నన్ను చూశాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయనకూ ఆ పాట తెలుసు. మేం ముగ్గురం వీధిలో నిలబడి చివరి దాకా విన్నాం. ముప్పై ఎనిమిది సెకన్లు. కలిసి పడే ఆ ఒక్క దెబ్బ ఉంది. అక్కడికి వాళ్లు నడిచొచ్చిన దారి మొత్తం పోయింది.

"గుడిసే తీసినాను టీచరక్కా," అన్నాడు భాయి. "అల్లా సాక్షి, గుడిసే."

"గుడిసే," అన్నాను. "ఇంకేమీ చెప్పబాకు."

లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు గాని ముగ్గురం తాగలేదు. కాసేపటికి ఆయన మొహంలో ఆశ వచ్చింది. "నా డెక్కు ముసలిదిరా. సరిగా తుడిచి ఉండదు. అడుగున ఏమన్నా మిగిలే ఉంటాది, చూడరా," అన్నాడు తమ్ముడితో.

తమ్ముడు తల వంచుకున్నాడు. "పోయిన నెలేగా తుడిచే హెడ్డు కొత్తది వేసినాను. నువ్వే అడిగినావు, పాత పాట వెనక వినపడతా ఉండాదని."

అయినా తెచ్చి నెల రోజులు తంటాలు పడ్డాడు. హెడ్డు అంచుకు జరిపాడు, వెనక్కి తిప్పాడు, స్పీడు మార్చాడు. ముసలాయన గొంతు కింద ఒకచోట సన్నగా డ్రమ్ము ఉందేమో అనిపించేది. పది సార్లు విన్నాక అది ముసలాయన పక్కన వాయించే డోలకే అని తేలేది. భాయి ఒకరోజు అన్నాడు, "మీ పాట మీద మా మామ కూర్చున్నాడక్కా. ఎట్టా లేపేది?" నవ్వడానికే అన్నాడు. ముగ్గురం నవ్వాం కూడా. ముసలాయన ఆ సంవత్సరమే పోయాడు. ఆయన గొంతు ఇంకెక్కడా పట్టి లేదు, చెన్నైకి పోయినవన్నీ వేరేవాళ్లు పాడినవి. ఆ క్యాసెట్ భాయి ఇంట్లోనే ఉండాలని నేను చెప్పాను. భాయి వద్దన్నాడు, నేను వినలేదు. చివరి ముప్పై ఎనిమిది సెకన్లకు మాత్రం తమ్ముడి చేత నకలు తీయించుకున్నాను. మాటిచ్చిన ఏడాదికి ఇంకా నాలుగు నెలలు ఉంది. భాయి ఆ నకలు సంగతి కూడా చెన్నై ఆయనకు చెప్పి, సరేననిపించుకుని వచ్చాడు.

ఆ పాట రికార్డుగా రాలేదు. ప్రతి కొత్త రికార్డు వెనక పాటల పేర్లు చూసేదాన్ని. పేరు తెలియదు గనక నిడివి చూసేదాన్ని, పదకొండు ఇరవైకి దగ్గరగా ఏదన్నా ఉందా అని. దొరికినవన్నీ వేరే పాటలు. అయినా ఒక నమ్మకం ఉండేది. ఓడ ఇంజనీరు దగ్గర అసలుది ఉంటుంది. మాకు వచ్చింది నకలే కదా. లోకంలో ఎక్కడో ఒక డబ్బాలో అది భద్రంగా ఉంటుంది.

2011లో రిటైరై ఆత్మకూరు వచ్చాను. కంప్యూటరు నేర్చుకున్నదే ఆ పాట కోసం. ఆ బ్యాండు అభిమానులు దేశదేశాల నుంచి రాసుకునే చోటు ఒకటి ఉంది. అక్కడ ఏ రాత్రి ఏ ఊళ్లో ఏం వాయించారో మొత్తం పేర్చిపెట్టారు. మా ఏడో నంబరు కచేరీ రాత్రి దగ్గర, ఒక పాట వాయించారని చెబుతారు, రికార్డింగు లేదు, అని రాసి ఉంది. నా ముప్పై ఎనిమిది సెకన్లు పంపాను. పొద్దున లేచేసరికి వంద మందికి పైగా రాశారు. ఒకాయన, ఆ రాత్రి నేనక్కడ ఉన్నాను, ఇది అదే, ఇన్నేళ్లూ నేను కలగన్నానేమో అనుకున్నాను, అని రాశాడు. మిగతాది ఏమైందని అందరూ అడిగారు. ఉర్దూ అంకెల గురించి వాళ్లకు చెప్పడానికి నాకు రెండు పేజీలు పట్టింది.

భాయికి ఫోను చేసి ఆ రాతలు చదివి వినిపించాను. "అంతమంది ఎతుకుతుండారా?" అన్నాడు. తర్వాత, "దొరుకుతాది టీచరక్కా. ఓడాయన కాడ ఉంటాది," అన్నాడు. కలిసిన ప్రతిసారీ ఆ మాటే అనేవాడు. అది దొరికితే ఆయన గుండె మీది బరువు దిగుతుందని నాకు తెలుసు, అందుకే నేనూ వెతకడం మానలేదు. 2021 మేలో ఆయన పోయేనాటికి దొరకలేదు.

ఈ సంవత్సరం వేసవిలో తమ్ముడు, ఒకప్పుడు క్యాసెట్లు హోల్‌సేలు అమ్మి ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముకునే వాళ్లను ఒకరి తర్వాత ఒకరిని అడిగి, చెన్నై ఆయన నంబరు పట్టుకున్నాడు. ఎనభై దాటినాయన. చెవులు బాగా వినపడుతున్నాయి. మమ్మల్ని వెంటనే గుర్తుపట్టాడు. "ఖవ్వాలీ అమ్మగారా!" అన్నాడు.

ఓడ ఇంజనీరు ఎక్కడున్నాడని అడిగాను. చాలా ఏళ్ల కిందటే పోయాడన్నాడు. ఆయన దగ్గరున్న అసలు క్యాసెట్ ఎవరి దగ్గరుందో ఏమైనా తెలుసా అని అడిగాను.

"అసలుది ఏదమ్మా? ఆయన కచేరీలో పట్టిందే నాకిచ్చినాడు, ఇంకోటి లేదు. దాన్నే మీ భాయి చేతికి ఇచ్చినాను."

"మీరు నకలు పెట్టుకోలేదా?"

"తీయకూడదని మాట గదమ్మా. ఆ ఖవ్వాలీ అంత బాగుండింది, దానికి బదులు అరిగిపోయింది ఇస్తే మర్యాదా? నా కాడ ఉన్నదాంట్లో మంచిది అదే. అదే ఇచ్చినాను. భద్రంగా ఉండాదా అమ్మా?"

ఏం జరిగిందో ఆయనకు చెప్పాను. గరాటు, గుడిసె, హారను కొడుతున్న బస్సు, మామ. అంతా విని, "ఆ ముసలాయన పాట ఉండాది గదా?" అన్నాడు. ఉందన్నాను. సరేనమ్మా, అని పెట్టేశాడు.

ఆ ఫోను తర్వాత వెతకాల్సిన చోటు ఏదీ మిగలలేదు. అభిమానులు రాసుకునే చోట కూడా అదే రాశాను, ఎవరూ ఇంకా ఎదురుచూడకుండా.

పోయిన వాటి లెక్క ఇది. పాట ఒకటి, పదకొండు నిమిషాల ఇరవై సెకన్లలో పది నిమిషాల నలభై రెండు సెకన్లు. నలభై ఒక్క క్యాసెట్లలో బూజు పట్టినవి తొమ్మిది. తమ్ముడి కుడి చెవి, వినికిడి ముక్కాలు. ఉదయగిరి బజారులో అంగడి ఒకటి, దర్గా వీధిలో కొట్టు ఒకటి. భాయి.